కాన్ఫిగర్ ‘నో’ అన్నప్పుడు: ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. ముందు వరుసల్లో విద్యార్థులు ఎక్కువమంది ఉన్నారు; వెనుక వరుసల్లో ఈ పనిలోనే తల నెరిసినవారు కొందరు కనిపిస్తున్నారు. మొదటివారి కోసం కాస్త కింది మెట్టు నుంచి మొదలుపెడతాను. రెండోవారు పది నిమిషాలు ఓపిక పట్టాలి.

ఒక సాఫ్ట్‌వేర్ సోర్సు కోడును దింపుకుని, మన యంత్రం మీద బిల్డ్ చేసుకోవాలంటే, అంటే నడిచే ప్రోగ్రాముగా మార్చుకోవాలంటే, చాలా ప్రాజెక్టుల్లో ఇప్పటికీ మూడు ఆదేశాలు ఇస్తాం: కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్. మొదటి ఆదేశం ఇవ్వగానే తెర మీద వందల వరుసలు పరుగెడతాయి. ఒక్కో వరుస ‘చెకింగ్ ఫర్’ అంటూ మొదలై ‘యెస్’ అనో ‘నో’ అనో ముగుస్తుంది. సరిగ్గా ఆ సమయానికే మనం టీకి లేస్తాం. తిరిగి వచ్చేసరికి మేక్ ఎక్కడో ఆగిపోయి ఉంటుంది, లేదా అంతా సజావుగా పూర్తయి, వారం తర్వాత ఆ ప్రోగ్రాము వింతగా ప్రవర్తిస్తుంది. రెండు సందర్భాల్లోనూ దోషం తరచుగా మనం చూడకుండా వదిలేసిన ఒక ‘నో’లో ఉంటుంది. ఈరోజు నేను మాట్లాడబోయేదంతా ఆ ‘నో’ గురించే.

ఆ జవాబు ఎలా పుడుతుందో ముందు చూద్దాం. 1980లలో యూనిక్స్ పేరుతో అనేక రకాల వ్యవస్థలు చలామణిలో ఉండేవి. ఒకదానిలో ఉన్న ఫంక్షన్ మరొకదానిలో ఉండేది కాదు, ఫంక్షన్ల ప్రకటనలుండే ఒకే హెడర్ ఫైలు వేర్వేరు చోట్ల ఉండేది. ప్రోగ్రాము రాసినవారు మేక్‌కు సూచనలిచ్చే మేక్‌ఫైలులో ‘మీది ఫలానా వ్యవస్థ అయితే ఈ వరుసను ఉంచండి, కాకపోతే తీసేయండి’ అని రాసి, భారమంతా బిల్డ్ చేసుకునేవారి మీద వేసేవారు. 1984లో లారీ వాల్ తన ఆర్ఎన్ అనే న్యూస్ రీడర్‌తో పాటు కాన్ఫిగర్ అనే షెల్ స్క్రిప్టు ఇచ్చాడు; అది యంత్రాన్ని కొంత తానే పరిశీలించి, మిగిలినది ఎదుట కూర్చున్న మనిషిని అడిగేది. 1991 వేసవిలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టు పనిలో ఉన్న డేవిడ్ మెకెంజీ, చాలా ప్యాకేజీలకు ఇలాంటి స్క్రిప్టులు చేతితో రాసి విసిగి, వాటిని తయారుచేసి పెట్టే సాధనం రాశాడు. అదే ఆటోకాన్ఫ్. ఎం4 అనే మాక్రో భాషలో మనం కొన్ని వరుసలు రాస్తే, ఆటోకాన్ఫ్ వాటిని వేల వరుసల షెల్ స్క్రిప్టుగా విస్తరించి ఇస్తుంది.

ఈ సంప్రదాయంలో ప్రధాన సూత్రం ఒకటుంది: యంత్రాన్ని పేరు అడగవద్దు, ఏమి చేతనవునో అడగాలి. ‘నువ్వు ఫలానా వ్యవస్థవా’ అని కాక ‘నీ దగ్గర ఫలానా ఫంక్షన్ ఉందా’ అని విచారించాలి. విచారణ పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. కాన్ఫిగర్ ఒక చిన్న సి ప్రోగ్రామును కాన్ఫ్‌టెస్ట్.సి అనే ఫైలులో రాసి, సి కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌కు అప్పగిస్తుంది. కంపైలర్ సున్నా అనే స్థితిసంఖ్యతో బయటికి వస్తే ‘యెస్’, మరే సంఖ్యతో వచ్చినా ‘నో’. అంతకు మించి అక్కడ తెలివితేటలు ఏమీ లేవు.

చిక్కంతా ఇక్కడే ఉంది. అప్పులవాడు వచ్చి తలుపు తడితే పిల్లవాడు ‘నాన్న ఇంట్లో లేడు’ అంటాడు. నాన్న నిజంగానే ఊరెళ్లి ఉండవచ్చు. లోపలి గదిలో కూర్చుని అలా చెప్పమని ఉండవచ్చు. అసలు అప్పులవాడే పక్కింటి తలుపు తట్టి ఉండవచ్చు. వినేవాడి చెవిన పడే మాట మాత్రం మూడుసార్లూ ఒకటే. కాన్ఫిగర్ చెప్పే ‘నో’ కూడా అంతే: మనం వెతుకుతున్న వస్తువు లేకపోయినా ‘నో’, ఉండి కూడా కంపైలర్‌కు దారి తెలియకపోయినా ‘నో’, మనం అడిగిన ప్రశ్నలోనే తప్పుంటే అప్పుడూ ‘నో’. బిల్డ్ స్క్రిప్టుల మరమ్మతు అంటే నా దృష్టిలో ఈ మూడింటిలో ఏది జరిగిందో తేల్చడమే. అది తేల్చకుండా కంపైలర్‌ను తీసేసి మళ్లీ వేయడం, కనిపించిన ప్యాకేజీనల్లా ఇన్‌స్టాల్ చేయడం అత్త మీద కోపం దుత్త మీద చూపడం లాంటిది. నేనూ చాలాకాలం అదే చేశాను కాబట్టి అధికారంతోనే చెబుతున్నాను.

తేల్చడానికి కావలసిన సాక్ష్యం కాన్ఫిగ్.లాగ్ అనే ఫైలులో ఉంటుంది. కాన్ఫిగర్ నడిచిన డైరెక్టరీలోనే అది పుడుతుంది. కొత్తవాళ్లు దాన్ని తెరిచి, నేరుగా చివరికి వెళ్లి, అక్కడ ఏమీ అర్థం కాక మూసేస్తారు. అలా జరగడం సహజమే, ఎందుకంటే ఆ ఫైలు చివరి భాగంలో ఉండేవి తప్పులు కావు. అప్పటిదాకా తేలిన జవాబుల పట్టిక, తయారైన విలువల పట్టిక, పోగైన డిఫైన్ వరుసలు మాత్రమే. ‘ఎర్రర్’ అనే మాట వెతికినా లాభం లేదు. నిజంగా లేని వస్తువును లేదని చెప్పిన ప్రతిచోటా ఆ మాట ఉంటుంది, ఆరోగ్యంగా ఉన్న బిల్డ్‌లో కూడా పదుల సార్లు కనబడుతుంది. చేయవలసింది ఇది: తెర మీద మనకు అనుమానం కలిగించిన వరుస ఏదో, సరిగ్గా ఆ ‘చెకింగ్ ఫర్’ మాటలనే లాగ్‌లో వెతకాలి. దాని కిందనే కంపైలర్‌కు ఇచ్చిన పూర్తి ఆదేశం, అది తిట్టిన తిట్లు, స్థితిసంఖ్య, ఆ తర్వాత ‘ఫెయిల్డ్ ప్రోగ్రామ్ వాజ్’ అంటూ నిలువు గీతలు ముందు పెట్టి మొత్తం కాన్ఫ్‌టెస్ట్ ప్రోగ్రాము ఉంటాయి. ఆ గీతలు తీసేసి ప్రోగ్రామును వేరే ఫైలులో పెట్టుకుని, అదే ఆదేశాన్ని మన చేత్తో నడిపితే, వేల వరుసల షెల్ స్క్రిప్టు అడ్డు తొలగి, సమస్య పది వరుసల సి ప్రోగ్రాముగా మిగులుతుంది.

ఆదిలోనే హంసపాదు పడే సందర్భాన్ని మొదట తీసుకుందాం. ‘సి కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్’ అని చెప్పి, స్థితిసంఖ్య 77తో కాన్ఫిగర్ ఆగిపోతుంది. చదివినవారు కంపైలర్ పాడైందనుకుంటారు. లాగ్ తెరిస్తే చాలాసార్లు కంపైలర్ నిక్షేపంగా ఉంటుంది: కంపైలర్‌కు ఐచ్ఛికాలు అందించే సీఫ్లాగ్స్‌లో ఎవరో వేరే యంత్రానికి చెందిన ఐచ్ఛికాన్ని వదిలి ఉంటారు, లేదా ముక్కలను కలిపి ప్రోగ్రాము చేసే లింకర్ సీఆర్‌టీ1.ఓ అనే ఫైలు దొరకలేదని చెబుతూ ఉంటుంది. ఈ రెండోది డెబియన్, ఉబుంటు వ్యవస్థల మీద లిబ్‌సి6-డెవ్ అనే ప్యాకేజీ లేదని అర్థం. ‘కెనాట్ రన్ సి కంపైల్డ్ ప్రోగ్రామ్స్’ అనేది దీనికి చుట్టమే గానీ దారి వేరు. అక్కడ కంపైలర్ ప్రోగ్రామును తయారుచేసింది, యంత్రం దాన్ని నడపనివ్వలేదు. కారణం తరచుగా ఆ డైరెక్టరీ ఉన్న డిస్కు భాగాన్ని ప్రోగ్రాములు నడపరాదన్న నిబంధనతో మౌంట్ చేసి ఉండటమే. పెన్‌డ్రైవ్ మీదనో, పంచుకున్న ఫోల్డరులోనో బిల్డ్ చేసేవారు ఇది గుర్తుంచుకోవాలి.

వస్తువు ఉండి కూడా దారి తెలియక వచ్చే ‘నో’కు మంచి ఉదాహరణ లైబ్రరీల వరుసక్రమం. లింక్ పరీక్షలో కాన్ఫిగర్ కంపైలర్‌కు ఇచ్చే ఆదేశంలో లింకర్ ఐచ్ఛికాలుండే ఎల్‌డీఫ్లాగ్స్ విలువ కాన్ఫ్‌టెస్ట్.సి కంటే ముందు వస్తుంది, లైబ్రరీల పేర్లుండే లిబ్స్ విలువ దాని తర్వాత వస్తుంది. చాలామంది డైరెక్టరీ పేరునూ లైబ్రరీ పేరునూ కలిపి ఎల్‌డీఫ్లాగ్స్‌లోనే పెడతారు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. ముందుగా లైబ్రరీ కనిపించినప్పుడు దాన్ని ఎవరూ ఇంకా అడగలేదు కాబట్టి, అవసరమైనవి మాత్రమే ఉంచుకొమ్మన్న ఐచ్ఛికం అమల్లో ఉన్న వ్యవస్థల మీద దాన్ని పక్కన పడేస్తుంది. ఉబుంటులో 11.10 నుంచి ఆ ఐచ్ఛికం దానంతటదే అమల్లో ఉంటుంది. ఫలితంగా ఒకరి యంత్రం మీద ‘యెస్’ వచ్చిన పరీక్ష, అదే లైబ్రరీ ఉన్న మరొకరి యంత్రం మీద ‘నో’ అంటుంది. డైరెక్టరీని ఎల్‌డీఫ్లాగ్స్‌లో, లైబ్రరీ పేరును లిబ్స్‌లో పెడితే తగవు తీరిపోతుంది. ఆపిల్ సిలికాన్ మ్యాక్‌లు వచ్చాక హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ సాధనం తన నివాసాన్ని యూజర్ లోకల్ నుంచి ఆప్ట్ హోమ్‌బ్రూకు మార్చుకోవడం వల్ల వచ్చిన ఫిర్యాదులూ ఈ కోవలోవే. కంపైలర్ పాత ఇంటి తలుపు తడుతూ ఉంటుంది, అంతే.

ఇక అసలు విషయానికి, అంటే ప్రశ్నలోనే తప్పుండే సందర్భాలకు వస్తాను. ఇవే ప్రమాదకరమైనవి, ఎందుకంటే ఇవి బిల్డ్‌ను ఆపవు.

సి భాషలో ఒక ఫంక్షన్‌ను ముందుగా ప్రకటించకుండా పిలిస్తే, అది ఇంట్ విలువను ఇస్తుందని పూర్వం కంపైలర్ తనంతట తానే ఊహించుకునేది. మెయిన్ ముందు ఇంట్ అని రాయకపోయినా సరేననేది. 1999 నాటి సి ప్రమాణం ఈ రెండు వెసులుబాట్లనూ రద్దుచేసింది. అయినా కంపైలర్లు పాత కోడు మీద దయతో హెచ్చరికలతోనే సరిపెడుతూ వచ్చాయి. ఆ దయకు మూల్యం ఉంది: 64 బిట్ల యంత్రం మీద పాయింటర్‌ను ఇచ్చే ఫంక్షన్‌ను ఇంట్ ఇచ్చేదిగా ఊహిస్తే, సగం చిరునామా తెగిపోతుంది. ఆపిల్ 2020లో ఎక్స్‌కోడ్ 12తో ప్రకటించని ఫంక్షన్ హెచ్చరికను, క్లాంగ్ కంపైలర్ 2023 మార్చిలో వచ్చిన 16వ సంచికతో, జీసీసీ కంపైలర్ 2024 మేలో వచ్చిన 14తో రెండు హెచ్చరికలనూ తప్పులుగా మార్చాయి. మంచి పనే. కానీ కాన్ఫిగర్ పరీక్షల సంగతి ఏమిటి?

ఒక పాత ప్రాజెక్టులో ఎవరో ఇరవయ్యేళ్ల కిందట ఇలా ఒక పరీక్ష రాశారనుకోండి: ఒక ఫంక్షన్‌ను పిలిచి, అది సరిగా పనిచేస్తే ఎగ్జిట్ సున్నా, లేకపోతే ఎగ్జిట్ ఒకటి. ఎగ్జిట్ ప్రకటన ఎస్‌టీడీలిబ్ హెడర్‌లో ఉంటుంది, దాన్ని కలపడం ఆయన మరిచారు. ఇరవయ్యేళ్లు ఒక హెచ్చరిక లాగ్‌లో మూలన పడి ఉంది, ఎవరూ చూడలేదు. కొత్త కంపైలర్ వచ్చిన రోజున ఆ పరీక్ష కంపైల్ కాలేదు. కాన్ఫిగర్ ‘నో’ అంది. ఆ ఫంక్షన్ యంత్రంలో నిక్షేపంగా ఉంది. ఎగ్జిట్ గురించి తలెత్తిన తగవుకు శిక్ష ఆ ఫంక్షన్‌కు పడింది. ప్రోగ్రాము తనతో తెచ్చుకున్న పాత బదులు ఫంక్షన్‌తో బిల్డ్ అయింది, లేదా ఒక సౌకర్యాన్ని నిశ్శబ్దంగా వదులుకుంది. మేక్ పూర్తయింది. ఎర్ర అక్షరాలు ఎక్కడా కనబడలేదు. ఇదంతా ఊహించే ఫెడోరా, జెంటూ అనే లైనక్స్ పంపిణీలవారు కొత్త కంపైలర్లు రాకముందే వేల ప్యాకేజీలను తిరగేసి, కాన్ఫిగర్ పరీక్షల్లో దాగిన ఇలాంటి పిలుపులను వెతికి సరిచేసే పని పెట్టుకున్నారు. 1999లో వచ్చిన ఆటోకాన్ఫ్ 2.13 తయారుచేసిన స్క్రిప్టులైతే కంపైలర్ పనిచేస్తుందో లేదో చూసే మొట్టమొదటి పరీక్షలోనే మెయిన్ ముందు ఇంట్ రాయవు. వాటికి కొత్త కంపైలర్ ఇస్తే గుమ్మంలోనే పడిపోతాయి. అది నయం, పడినట్టు కనబడుతుంది కదా.

ఇలాంటివి పట్టుకునే ఉపాయం ఒకటి చెబుతాను. ఇంతకంటే మంచిది నాకు తెలియదు. పాత కంపైలర్‌తో ఒకసారి, కొత్త దానితో ఒకసారి వేర్వేరు డైరెక్టరీల్లో కాన్ఫిగర్ నడిపి, రెండుచోట్లా పుట్టిన కాన్ఫిగ్.హెచ్ ఫైళ్లను డిఫ్‌తో పోల్చండి. కంపైలర్ తప్ప మరేదీ మారలేదు కాబట్టి, ఆ రెండింటి మధ్య తేడాగా వచ్చిన ప్రతి వరుసనూ అనుమానించాలి. జీసీసీ 14లో ఎఫ్‌పర్మిసివ్ అనే ఐచ్ఛికంతో పాత దయను తాత్కాలికంగా తిరిగి తెచ్చుకోవచ్చు, అయితే దాన్ని రోగ నిర్ధారణకు వాడుకోవాలి గానీ వైద్యంగా కాదు. వైద్యమంటే మూల ఫైలైన కాన్ఫిగర్.ఏసీలో ఆ పరీక్షను సరిచేసి, ఆటోరీకాన్ఫ్‌తో స్క్రిప్టును మళ్లీ పుట్టించడమే.

హెచ్చరికలను తప్పులుగా పరిగణించే డబ్ల్యూఎర్రర్ ఐచ్ఛికాన్ని కాన్ఫిగర్ సమయంలో సీఫ్లాగ్స్‌లో పెట్టడమూ ఇదే జబ్బు తెస్తుంది. ఆటోకాన్ఫ్ పరీక్షలు ఫంక్షన్లను వాటి అసలు రూపంతో కాక, క్యార్ ఇచ్చే ఉత్తుత్తి ఫంక్షన్లుగా ప్రకటిస్తాయి. కంపైలర్‌కు స్వతహాగా తెలిసిన ఫంక్షన్ అయితే ‘ఇది నాకు తెలిసిన రూపం కాదు’ అని హెచ్చరిస్తుంది, ఆ హెచ్చరిక తప్పుగా మారి, ప్రతి యూనిక్స్‌లోనూ ఉండే ఫంక్షన్లు కూడా లేవన్న తీర్పు వస్తుంది. ఆ క్రమశిక్షణ కావాలనుకుంటే మేక్ దశలో పెట్టుకోండి.

ప్రశ్నలో తప్పు ఎప్పుడూ పొరపాటే కానక్కరలేదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి ఉందని ప్రకటించిన సంగతి మీలో చాలామందికి తెలుసు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటా అని తీగ లాగితే డొంకంతా కదిలింది. సీవీఈ-2024-3094గా నమోదైన ఆ వ్యవహారంలో 5.6.0, 5.6.1 సంచికల టార్ మూటల్లో బిల్డ్-టు-హోస్ట్.ఎం4 అనే మార్చిన మాక్రో ఫైలు ఉంది. ఆ మార్పు గిట్ భాండాగారంలో లేదు, విడుదల మూటలో మాత్రమే ఉంది. వేల వరుసల కాన్ఫిగర్ స్క్రిప్టును ఎవరూ చదవరన్న నమ్మకం మీదనే ఆ పన్నాగం నిలబడింది. అయితే నాకు దానికంటే కళ్లు తెరిపించింది అదే వ్యవహారంలో బయటపడ్డ మరో చిన్న సంగతి.

ఎక్స్‌జెడ్‌ను సీమేక్ అనే మరో బిల్డ్ సాధనంతోనూ బిల్డ్ చేయవచ్చు. దానికోసం రాసిన సీమేక్‌లిస్ట్స్ ఫైలులో, లైనక్స్ కెర్నెల్‌లోని ల్యాండ్‌లాక్ అనే రక్షణ సౌకర్యం ఉందో లేదో చూసే పరీక్ష ఉంది. కొన్ని హెడర్లను కలిపి, ఒక చిన్న ఫంక్షన్ రాసి, కంపైల్ అవుతుందేమో చూడటమే దాని పని. ఆ పరీక్ష ప్రోగ్రాములో హెడర్లకూ ఫంక్షన్‌కూ మధ్య ఒక వరుసలో ఒంటరిగా ఒక చుక్క ఉంది. మరేమీ కాదు, ఫుల్‌స్టాప్. మార్పును సమీక్షించేవారికి అది తెర మీది మరకలా కనబడి ఉంటుంది. ఆ చుక్క వల్ల ప్రోగ్రాము ఏ యంత్రం మీదా, ఏనాడూ కంపైల్ కాదు. కాబట్టి జవాబు ఎప్పుడూ ‘నో’. ల్యాండ్‌లాక్ రక్షణ లేకుండానే సాఫ్ట్‌వేర్ తయారవుతుంది, ఎవరికీ ఏ సందేశమూ రాదు. పంపిణీలవారు ఎక్కువగా కాన్ఫిగర్ దారినే వాడతారు గనుక దీని ప్రభావం పరిమితంగానే ఉండి ఉంటుంది. నిర్వాహకుడు తర్వాత ఆ చుక్కను తీసేసి పరీక్షను సరిచేశాడు. కానీ ‘నో’ అన్న జవాబును ఎవరూ విచారించరన్న సంగతి ఆ చుక్క పెట్టినవాడికి మనకంటే బాగా తెలుసు.

పేరు అడగవద్దన్న సూత్రం చెప్పాను కదా, దాన్ని ఉల్లంఘిస్తే ఏమవుతుందో మ్యాక్ వైపు నుంచి ఒక కథ ఉంది. షేర్డ్ లైబ్రరీలు కట్టే లిబ్‌టూల్ అనే సాధనం, మ్యాక్ మీద లింకర్‌కు ఏ ఐచ్ఛికాలివ్వాలో వ్యవస్థ సంఖ్యను చూసి నిర్ణయిస్తుంది. డార్విన్ కెర్నెల్ సంఖ్య 9తో గానీ 1తో గానీ మొదలైతే కొత్త పద్ధతి, అలా కాకపోతే మ్యాక్ ఓఎస్ ఎక్స్ 10.0, 10.1, 10.2 కాలం నాటిదిగా భావించి పాత పద్ధతి అని అందులో ఒక నమూనా రాసి ఉంది. డార్విన్ 9 నుంచి 19 దాకా ఆ నమూనా చక్కగా సరిపోయింది. 2020లో వచ్చిన బిగ్ సర్ కెర్నెల్ సంఖ్య 20. అది రెండుతో మొదలవుతుంది! సరికొత్త యంత్రాన్ని స్క్రిప్టు ఇరవయ్యేళ్ల నాటి ముసలిదిగా లెక్కగట్టి, ఫ్లాట్ నేమ్‌స్పేస్ అనే పాత లింకింగ్ పద్ధతిని వాడింది. బిల్డ్ ఆగలేదు, ఒకే పేరున్న ఫంక్షన్లు రెండు లైబ్రరీల్లో ఉన్నప్పుడు నడిచే సమయంలో తగవులాడుకునే లైబ్రరీలు పుట్టాయి. హోమ్‌బ్రూ నిర్వాహకులు ప్యాకేజీ తర్వాత ప్యాకేజీకి చిన్న అతుకు వేసుకుంటూ పోయారు. 2022లో వచ్చిన లిబ్‌టూల్ 2.4.7లో ఆ లోపాన్ని సరిచేశారు.

క్రాస్ కంపైలింగ్, అంటే ఒక రకం యంత్రం మీద కూర్చుని మరో రకం యంత్రం కోసం బిల్డ్ చేయడం గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఎంబెడెడ్ బోర్డుల మీద పనిచేసే విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. ముందు పేర్ల చిక్కు. కాన్ఫిగర్ భాషలో బిల్డ్ అంటే వంట వండే ఇల్లు, హోస్ట్ అంటే భోజనం చేసే ఇల్లు. హోస్ట్ అంటే ఆతిథ్యమిచ్చేవాడు కదా అని వండే ఇంటినే హోస్ట్ అనుకుని కొత్తవాళ్లు తారుమారు చేస్తారు. టార్గెట్ అనేది కంపైలర్ లాంటి సాధనాలను తయారుచేసేటప్పుడు తప్ప మనకు అక్కరలేదు. ఇంటెల్ యంత్రం మీద కూర్చుని ఆర్మ్ బోర్డు కోసం బిల్డ్ చేస్తున్నప్పుడు కాన్ఫ్‌టెస్ట్‌ను కంపైల్ చేయగలం గానీ నడపలేం. నడిపి చూడవలసిన పరీక్ష ఎదురైతే కాన్ఫిగర్ జవాబు ఊహించాలి, ఆటోకాన్ఫ్ అలాంటిచోట చెడునే ఊహిస్తుంది. సున్నా పరిమాణం అడిగితే, మెమరీ కేటాయించే మాలాక్ ఫంక్షన్ ఏమిస్తుందన్న పరీక్ష ఇందుకు పేరుమోసింది. బోర్డు మీది మాలాక్ సరైనది కాదేమోనని ఊహించి, కాన్ఫిగ్.హెచ్‌లో మాలాక్ పేరును ఆర్‌పీఎల్_మాలాక్‌గా మార్చేస్తుంది. ఆ పేరుతో ఫంక్షన్ ఎవరూ రాసి ఉండరు. చివరికి లింకర్ ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు ఆర్‌పీఎల్_మాలాక్’ అని ఆగుతుంది, మనం లేని లైబ్రరీ కోసం ఊరంతా తిరుగుతాం. వెతకవలసింది లైబ్రరీని కాదు, కాన్ఫిగర్ ఊహించిన జవాబును. ఏసీ_సీవీ_ఫంక్_మాలాక్_0_నాన్‌నల్ అనే క్యాష్ చలరాశికి యెస్ అనే విలువను ముందే ఇచ్చి కాన్ఫిగర్‌ను నడిపితే, అది తెలిసిన జవాబును మళ్లీ ఊహించదు. లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ కూడా ఇక్కడ మోసం చేస్తుంది. దారి చెప్పకపోతే వండే ఇంట్లోని లైబ్రరీలను చూపించి ‘యెస్’ అంటుంది. పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్‌ను బోర్డు సిస్‌రూట్ వైపు, అంటే బోర్డు లైబ్రరీలుండే డైరెక్టరీ వైపు తిప్పాలి.

స్క్రిప్టే నడవని సందర్భాలను వేగంగా చెప్పి దాటేస్తాను, వీటిలో లోతు తక్కువ. విండోస్ మీద గిట్ వరుస చివరలను మార్చేయడం వల్ల ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అని వచ్చినప్పుడు, స్క్రిప్టు మొదటి వరుస చివర కనబడని క్యారేజ్ రిటర్న్ గుర్తు ఉందని అర్థం. దీని మీద నేనొకసారి ఒక పగలంతా పోగొట్టుకున్నాను, ఎందుకంటే తెర మీద ఆ వరుస అచ్చు సరిగానే కనిపించింది. గిట్‌అట్రిబ్యూట్స్ ఫైలులో షెల్ స్క్రిప్టులకు ఎల్ఎఫ్ అని ఖాయం చేస్తే మళ్లీ రాదు. ఉబుంటు 2006 నుంచి ఎస్‌హెచ్ అనే పేరుతో బాష్ బదులు డాష్ అనే షెల్‌ను ఇస్తోంది; టెస్ట్ ఆదేశంలో రెండు సమాన గుర్తులు రాసిన స్క్రిప్టు డాష్‌లో ‘అన్ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్’ అని గొణిగి, తప్పు కొమ్మలోకి వెళ్లిపోతుంది. ఒక్క సమాన గుర్తే సరైనది. గిట్ ఫైళ్ల సమయ ముద్రలను కాపాడదు కాబట్టి, క్లోన్ చేసిన వెంటనే కాన్ఫిగర్ తన మూల ఫైలు కంటే పాతదిగా కనబడి, మేక్ దాన్ని మళ్లీ పుట్టించబోయి ‘ఏక్‌లోకల్ 1.16 కమాండ్ నాట్ ఫౌండ్’ అంటుంది. ఆటోరీకాన్ఫ్‌ను ఎఫ్, ఐ ఐచ్ఛికాలతో నడపండి. కాన్ఫిగర్ మధ్యలో ‘సింటాక్స్ ఎర్రర్’ వచ్చి, ఆ వరుసలో పీకేజీ_చెక్_మాడ్యూల్స్ అనే మాట యథాతథంగా కనిపిస్తే, స్క్రిప్టు పుట్టిన యంత్రంలో పీకేజీ.ఎం4 ఫైలు లేక ఆ మాక్రో విస్తరించలేదన్నమాట. పాత మూటలోని కాన్ఫిగ్.గెస్ ఆర్మ్ 64 బిట్ల యంత్రాన్నో రిస్క్-ఫైవ్ యంత్రాన్నో గుర్తుపట్టకపోతే, దాన్నీ కాన్ఫిగ్.సబ్‌నూ కొత్తవాటితో మార్చండి. సోర్సు ఉన్న దారిలో ఖాళీలు ఉండకూడదు. విండోస్‌లో యూజర్ పేరుకూ ఇంటిపేరుకూ మధ్య ఖాళీ పెట్టుకున్నవారు ఇది విని నొచ్చుకోవద్దు, తప్పు మీది కాదు, మేక్‌ది.

మ్యాక్ గురించి ఇంకొక్క మాట. అక్కడి ఫైలు వ్యవస్థ మామూలుగా పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా చూడదు. చాలా ప్రాజెక్టుల్లో మూల డైరెక్టరీలో వెర్షన్ అనే పేరును పెద్దబడి అక్షరాల్లో పెట్టి ఒక ఫైలు ఉంచడం ఆనవాయితీ. సి++20లో చిన్నబడి అక్షరాలతో అదే పేరున్న ప్రామాణిక హెడర్ వచ్చింది. మూల డైరెక్టరీ హెడర్లు వెతికే దారిలో ఉంటే, కంపైలర్ ఆ హెడర్ అనుకుని మన ఫైలును తెరిచి, 3.2.1 అన్న అంకెలను సి++ కోడుగా చదవబోతుంది.

కాన్ఫిగర్ కాలం చెల్లిపోయింది, ఇప్పుడంతా సీమేక్ కదా అని కొందరు అనుకుంటూ ఉండవచ్చు. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నిధులతో సాగిన ఇన్‌సైట్ టూల్‌కిట్ కోసం కిట్‌వేర్ సంస్థ తయారుచేసిన సీమేక్, విండోస్‌ను మొదటి నుంచీ సమానంగా చూసింది, అది దాని గొప్ప. కానీ అదీ చిన్న ప్రోగ్రాములు కంపైల్ చేసి చూసే పద్ధతినే వాడుతుంది, కాబట్టి ‘నో’ సమస్య దానికీ ఉంది. ఎక్స్‌జెడ్ చుక్క కథ సీమేక్‌దేనని మరువకండి. పైగా అది జవాబులను సీమేక్‌క్యాష్ ఫైలులో దాచుకుంటుంది. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ఫైండ్_లైబ్రరీకి వస్తువు దొరకకపోతే మళ్లీ నడిపినప్పుడు మళ్లీ వెతుకుతుంది. చెక్_సి_సోర్స్_కంపైల్స్ లాంటి పరీక్ష ఓడిపోతే ఆ ఓటమిని దాచుకుని, మీరు కావలసిన ప్యాకేజీ వేసి మళ్లీ నడిపినా తిరిగి అడగదు. సీమేక్ 3.24 నుంచి ఫ్రెష్ అనే ఐచ్ఛికం ఉంది, అది పాత జవాబులను తుడిచి మొదటి నుంచీ అడుగుతుంది. ఓడిన పరీక్షల వివరాలు 3.26 నుంచి సీమేక్‌కాన్ఫిగర్‌లాగ్.యామల్ అనే ఒకే ఫైలులో ఉంటాయి, అంతకుముందు సీమేక్ఎర్రర్.లాగ్‌లో ఉండేవి. 2025 మార్చిలో వచ్చిన సీమేక్ 4.0 తో ‘కంపాటిబిలిటీ విత్ సీమేక్ లెస్ దాన్ 3.5 హాజ్ బీన్ రిమూవ్డ్’ అని ఆగిపోతున్న పాత ప్రాజెక్టులకు, సీమేక్_పాలసీ_వెర్షన్_మినిమమ్ విలువను 3.5గా ఇస్తే ప్రస్తుతానికి బండి నడుస్తుంది.

చివరగా, ఇలాంటి స్క్రిప్టులు రాసేవారితో ఒక తగవు పెట్టుకుంటాను. లైబ్రరీ ఉంటే వాడుకుని, లేకపోతే ఏమీ చెప్పకుండా వదిలేసే స్క్రిప్టును చాలామంది సౌకర్యంగా భావిస్తారు. జెంటూవారు దీనికి ‘ఆటోమ్యాజిక్ డిపెండెన్సీ’ అని ఎగతాళి పేరు పెట్టారు, న్యాయంగానే పెట్టారు. నేను కాన్ఫిగర్‌కు విత్-ఓపెన్ఎస్ఎస్ఎల్ అని స్పష్టంగా ఇచ్చినప్పుడు, అది దొరకకపోతే స్క్రిప్టు అక్కడికక్కడే ఆగి, కాన్ఫిగ్.లాగ్ చూడమని చెప్పాలి. వితౌట్ అని ఇస్తే ఆ లైబ్రరీ ఎదురుగా ఉన్నా ముట్టుకోకూడదు. నేను ఏమీ ఇవ్వనప్పుడే దానికి సొంత నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ ఉండాలి, అప్పుడు కూడా చివర్లో ఏ సౌకర్యం చేరిందో, ఏది చేరలేదో పది వరుసల పట్టికగా ముద్రించాలి. మెసన్ అనే బిల్డ్ సాధనంలో ఎనేబుల్డ్, డిసేబుల్డ్, ఆటో అనే మూడు స్థితుల ఫీచర్ ఐచ్ఛికం భాషలోనే ఉంది. ఆటోకాన్ఫ్‌లో దాన్ని మనం చేత్తో రాసుకోవాలి, మహా అయితే పదిహేను వరుసలు. మీ ప్రాజెక్టుల్లో అది రాసి ఉంటే, బిల్డ్ కావడం లేదని ఉత్తరం రాసేవారు ఆ పట్టికనూ కాన్ఫిగ్.లాగ్‌నూ జతచేసి పంపగలుగుతారు. తెర ఫోటో తీసి పంపే ఉత్తరాలు మీకు తగ్గుతాయి.

నా లాప్‌టాప్‌లో ఇలాంటి లాగ్ ఒకటి తెచ్చాను. ఇప్పుడు దాన్ని తెర మీద తెరుస్తాను, అందులో మూడు ‘నో’లు ఉన్నాయి, ఏది ఏ రకమో మీరు చెప్పండి.